నాలుగు ఓమ్స్ స్పీకర్లకు ఆంప్లిఫైయర్ వెతికిన మూడు నెలలు

మా మావయ్య హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ తన స్పీకర్లు మాకిచ్చారు. నడుము ఎత్తున్న చెక్క పెట్టెలు రెండు. వెనక అంటించిన రేకు మీద 4 ఓమ్స్, 86 డీబీ అని ఉంది. అప్పట్లో ఆ అంకెల వైపు సరిగా చూడనైనా లేదు.

మాది విజయవాడ సత్యనారాయణపురం. మా ఇంట్లో తెల్లవారడమంటే రేడియోలో భక్తిరంజని. విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది, నాన్నగారు దానికన్నా మూడేళ్లు పెద్ద. ఆయన దగ్గర కచేరీల క్యాసెట్లు వందకు పైగా ఉంటే, తమ్ముడు ఓపిగ్గా అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. కానీ వాటిని వినేది అరచేయంత బ్లూటూత్ స్పీకర్‌లో. "మృదంగం వినిపిస్తోంది గానీ తొప్పి వినిపించడం లేదమ్మా" అన్నారొకసారి. తొప్పి అంటే మృదంగం ఎడమవైపు, బరువైన నాదం పలికేది. ఆ మాట నాకు మనసులో ఉండిపోయింది. అందుకే మావయ్య స్పీకర్లు ఇస్తానంటే ఆటో మాట్లాడుకుని అదే రోజు తెచ్చేశాను.

స్పీకర్లకు శక్తినిచ్చి నడిపే ఆంప్లిఫైయర్ ఆన్‌లైన్‌లో కొన్నాను. చిన్నది, కొబ్బరిచిప్పంత. పెట్టె మీద 100 వాట్స్ ప్లస్ 100 వాట్స్ అని రాసి ఉంది. మొదటి రోజు బాగానే అనిపించింది. గాత్రం, వయొలిన్ హాయిగా వినిపించాయి. మూడో రోజు సాయంత్రం నాన్నగారు తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం పెట్టుకుని కాస్త సౌండ్ పెంచారు. మృదంగం ఊపందుకోగానే ఠక్కున ఆగిపోయింది. అడాప్టర్ మీది లైటు ఆరింది, మళ్లీ వెలిగింది, పాట వచ్చింది, మళ్లీ ఆగింది. వారం రోజులు ఇదే వరస. పైగా ఎడమ పెట్టెలో వయొలిన్ మొద్దుబారినట్టు తయారైంది. మావయ్య అంత జాగ్రత్తగా చూసుకున్న వస్తువు మా ఇంటికొచ్చి పాడైందేమోనని నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

ఒక పెద్ద షాపులో అడిగితే "ఇంకా ఎక్కువ వాట్స్ ఉన్నది తీసుకోండి" అన్నారు. ఏ స్పీకర్లు, ఎన్ని ఓమ్స్, గది ఎంత అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కొనకుండా వచ్చేశాను.

తర్వాత ఆఫీసులో ఒకరు చెబితే, గవర్నరుపేటలో ఒక సందులో రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి ఒక పెట్టె, ఆంప్లిఫైయర్ రెండూ పట్టుకెళ్లాను. ఆయన ముందు ఆంప్లిఫైయర్‌ను ముట్టుకోలేదు. అడాప్టర్ తిరగేసి కళ్లజోడు పైకెత్తి చూశారు.

"ఏముందమ్మా ఇక్కడ?"

"19 వోల్ట్స్, 3.42 ఆంప్స్."

"గుణించు."

ఫోన్‌లో గుణించాను. 65.

"గోడలోంచి వచ్చేదే 65 వాట్స్. పెట్టె మీదేమో రెండు వందలు. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"రాదు బాబాయ్ గారూ."

తర్వాత మల్టీమీటర్ పెట్టి స్పీకర్‌ను కొలిచారు. 3.3 చూపించింది. 4 ఓమ్స్ అని రాసినవి మీటర్‌లో అలాగే కాస్త తక్కువ చూపిస్తాయట, 8 ఓమ్స్ వాటికి 6 చిల్లర వస్తుందట. ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు. అది ఎంత తక్కువైతే స్పీకర్ అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. నీళ్ల పైపు వెడల్పైన కొద్దీ ట్యాంకు తొందరగా ఖాళీ అయినట్టు అని చెప్పారు. ఆ ఆంప్లిఫైయర్ ఇవ్వగలిగిన 18 వోల్టులూ ఈ 3.3 మీద పడితే ఒక్కో పెట్టె క్షణకాలం ఐదున్నర ఆంపియర్లు అడుగుతుంది. రెండూ కలిసి పదకొండు. అడాప్టర్ ఇచ్చేది మూడున్నర. మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా జరుగుతున్నది ఇదే.

మరి మామూలుగా పాడుతున్నప్పుడు ఎలా సరిపోయిందని అడిగాను. ఇక్కడే రేకు మీది రెండో అంకె అవసరమైంది. 86 డీబీ అంటే ఆ పెట్టె ఎదురుగా ఒక మీటరు దూరంలో ఒక వాట్‌కు వచ్చే శబ్దం. ఇంకో మూడు డీబీ కావాలంటే వాట్స్ రెట్టింపు కావాలి, పది డీబీ కావాలంటే పది రెట్లు. ఇంట్లో మామూలుగా వినడానికి ఒక వాట్ కూడా ఖర్చు కాదు. కానీ మంచి రికార్డింగ్‌లో మృదంగం దెబ్బ మిగతా పాటకన్నా 15 డీబీ పైకి లేస్తే, ఆ రెప్పపాటుకు ముప్పై రెట్లు కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ 86ను చాలా కంపెనీలు వాట్ లెక్కన కాకుండా 2.83 వోల్టుల దగ్గర కొలుస్తాయి. 8 ఓమ్స్ స్పీకర్‌కు అది ఒక వాట్ అవుతుంది, 4 ఓమ్స్ దానికి రెండు వాట్స్. అలా కొలిచి ఉంటే ఒక వాట్‌కు మనకు దక్కేది 83 మాత్రమే.

ఎడమ పెట్టెలో ట్వీటర్, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్, కాలిపోయిందని ఆయనే తేల్చారు. చిన్న ఆంప్లిఫైయర్‌తో స్పీకర్ ఎలా కాలుతుందని ఆశ్చర్యపోయాను. శక్తి చాలనప్పుడు గుండ్రంగా రావాల్సిన అల పైభాగం కత్తితో కోసినట్టు చదునైపోతుంది. అందులోంచి పుట్టే కీచు శబ్దమంతా ట్వీటర్ మీదే పడుతుంది. పెద్ద ఆంప్లిఫైయర్‌ను నెమ్మదిగా నడపడం కన్నా చిన్నదాన్ని గొంతు పట్టుకుని అరిపించడమే ప్రమాదమట. కొత్త ట్వీటర్ రావడానికి పది రోజులు పట్టింది.

ఈసారి ఏం అడగాలో నాకు తెలుసు. 8 ఓమ్స్‌కు ఎన్ని వాట్స్, 4 ఓమ్స్‌కు ఎన్ని వాట్స్ అని రెండు అంకెలూ అడిగాను. 4 ఓమ్స్ అంకె దాదాపు రెట్టింపుకు దగ్గరగా ఉంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ దండిగా ఉన్నట్టు. రెండూ ఒకటే అయినా, 4 ఓమ్స్ ఊసే లేకపోయినా వదిలేశాను. చివరికి పటమటలో ఒకాయన అమ్ముతున్న పాత ఆంప్లిఫైయర్ దొరికింది. 8 ఓమ్స్‌కు 50 వాట్స్, 4 ఓమ్స్‌కు 80. రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. పద్నాలుగు వేలు. ఇంట్లో రెండు రోజులు విని చూసి తీసుకుంటానంటే ఒప్పుకున్నారు, ఆయనకు నేను రుణపడి ఉంటాను.

తీగల కోసం ఎలక్ట్రికల్ షాపులో ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం మల్టీస్ట్రాండ్ వైరే తెచ్చాను. నాలుగు మీటర్లు పోయి వచ్చినా దాని అడ్డు 0.06 ఓమ్స్ చుట్టూ ఉంటుంది, 4 ఓమ్స్ ముందు అది లెక్కలోకి రాదు. మీటరు వేల రూపాయల తీగలు ఉన్నాయని విన్నాను. మా హాలుకు వాటి అవసరం నాకు కనిపించలేదు.

అన్నీ బిగించి పెడితే అసలు బేస్ లేదు! గుండె జారిపోయింది. గవర్నరుపేటకు ఫోన్ చేస్తే, "ఒకదానికి ప్లస్సూ మైనస్సూ మారాయేమో, ఆంప్లిఫైయర్ నుంచి తీగలు ఊడదీసి గోడ గడియారం బ్యాటరీ పెట్టి చూడమ్మా" అన్నారు. ఆంప్లిఫైయర్ దగ్గర ఊడదీసిన కొసలకు 1.5 వోల్ట్ సెల్‌ను నాన్నగారు ఒక్క క్షణం తాకించారు, ప్లస్‌కు ప్లస్. కుడి పెట్టె కోన్, అంటే శబ్దం పుట్టించే గరాటు లాంటి పొర, ముందుకు కదిలింది. ఎడమది లోపలికి వెళ్లింది. ఒకటి ముందుకు తోస్తుంటే ఒకటి వెనక్కి లాగుతూ ఉంటే లోతైన శబ్దం గాల్లోనే రద్దయిపోతుంది. తీగ మార్చాను. తొప్పి నాదం వచ్చింది. నాన్నగారు ఏమీ అనలేదు. సెల్ చేతిలో పట్టుకునే అలా నిలబడి పల్లవి మొత్తం విన్నారు.

ఆ తర్వాత పెట్టెల్ని మూలల్లోంచి అడుగున్నర ముందుకు జరిపి, టైల్స్ మీద జంపఖానా పరిచాం. గుమ్‌గుమ్‌మనే మోత తగ్గింది. ఎండాకాలం మన ఊరి వేడికి భయపడి ఆంప్లిఫైయర్‌ను అలమరలో పెట్టలేదు, చుట్టూ గాలి ఆడేలా బల్ల మీదే ఉంచాం.

కొన్నాళ్లకు తమ్ముడు తన గదిలో స్పీకర్లు కూడా ఇదే ఆంప్లిఫైయర్ వెనక తీగలు బిగించే రెండో వరసకు తగిలిద్దామన్నాడు. మీటర్ పెట్టి చూశాను, 6.4. అంటే 8 ఓమ్స్. మా నాలుగుకు ఆ ఎనిమిది పక్కన కలిపితే రెండూ కలిసి 2.7 ఓమ్స్ అవుతాయి. వెనక పలక మీద నాలుగుకు తగ్గకూడదని ఉంది. వద్దన్నాను. బీరువాలో పడి ఉన్న ఆ కొబ్బరిచిప్పంత ఆంప్లిఫైయర్‌ను తీసి వాడి స్పీకర్లకు పెట్టాను. 8 ఓమ్స్, పదడుగుల గది. ఎనిమిది నెలలైంది, ఒక్కసారి కూడా ఆగలేదు.