జపాన్ లో ఎక్సెల్ తో కాపురం

ఎక్సెల్ అంటే మనకి కూడికలు, వీ లుకప్, పివట్ టేబుల్ కదా, జపాన్ ఆఫీసుల్లో ఎక్సెల్ అంటే గళ్ళ కాగితం. ఉత్తినే అనట్లేదు. కాలమ్స్ అన్నీ కుదించేసి, ప్రతి సెల్ ని చిన్న చదరం చేసి, షీట్ మొత్తాన్ని మన చిన్నప్పటి లెక్కల గళ్ళ నోటుబుక్ లా తయారుచేస్తారు, ఆ గళ్ళ మీద సెల్స్ మెర్జ్ చేసుకుంటూ గీతలు కొట్టుకుంటూ ఒక దరఖాస్తు ఫారం గీస్తారు, దానికి ఎక్సెల్ హోగాన్షి అని పేరు కూడా ఉంది. అందులో ఒక్క ఫార్ములా ఉండదు. కంప్యూటర్ లో నింపి, ప్రింట్ తీసి, ఇవ్వడానికే అది. అవతల ఇంకొకరు ఆ కాగితం చూసి మళ్ళీ వాళ్ళ సిస్టమ్ లో టైప్ చేసుకుంటారు.

కొన్ని ఫారాల్లో గడికి ఒక అక్షరమే. ఒక అక్షరం కొట్టు, ట్యాబ్ నొక్కు, ఇంకో అక్షరం కొట్టు, ట్యాబ్ నొక్కు. పాస్‌పోర్ట్ లో నా పేరు చూస్తే ఇంటిపేరు, తాతగారి పేరు, వెంకట, చివర్లో అసలు పిలిచే పేరు, వరసగా గూడ్స్ బండిలా ఉంటుంది. ఇక్కడి రెసిడెన్స్ కార్డు మీద పాస్‌పోర్ట్ లో ఉన్నట్టే అచ్చు వేస్తారు కాబట్టి ప్రతి ఫారం లోనూ అంతా రాయాల్సిందే, ఈ గళ్ళేమో రెండు కాంజీలు (జపనీస్ లిపిలోని అక్షరాలు) ఇంటిపేరు, రెండు కాంజీలు సొంతపేరు ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని గీసినవి. సగం పేరు దగ్గరే గళ్ళు అయిపోతాయి. అక్షరాల సైజు తగ్గించి రెండేసి ఇరికిస్తే స్క్రీన్ మీద బాగానే కనపడుతుంది, ప్రింట్ తీస్తే చివరి అక్షరం సగానికి తెగి వస్తుంది. స్క్రీన్ మీద ఉన్నట్టు ప్రింట్ లో రాకపోవడం ఎక్సెల్ కి పుట్టుకతో ఉన్న జబ్బు, అది ఏ దేశంలోనైనా అంతే.

ఆఫీసు పని లోనూ ఇదే తంతు. నేను చేసేది టెస్టింగ్. టెస్ట్ చేసి పాస్ అయింది అంటే సరిపోదు, ఎవిడెన్స్ కావాలి, అంటే ప్రతి స్క్రీన్ కీ ఫోటో తీసి ఎక్సెల్ లో అతికించి, చూడాల్సిన విలువ చుట్టూ ఎర్ర డబ్బా గీసి, పక్కన టెస్ట్ నంబర్ వేయాలి. అయ్యాక అన్ని షీట్లూ జూమ్ 100 లో పెట్టి, ప్రతి షీట్ లోనూ కర్సర్ ని ఏ1 సెల్ కి తెచ్చి, మొదటి షీట్ కి వచ్చి అప్పుడు సేవ్ చేయాలి. కర్సర్ మూడో షీట్ మధ్యలో ఎక్కడో ఉండిపోతే అది కూడా రివ్యూ లో ఒక కామెంటే. హైదరాబాద్ లో ఇలా ఎవరైనా అంటే క్యాంటీన్ లో వారం రోజులు నవ్వుకునేవాళ్ళం. కానీ తెరిచేవాళ్ళకి మొదటి పేజీ, మొదటి గడి కనపడాలి అన్నది మర్యాదే కదా అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది, ఎవరి ఫైల్ అయినా మధ్యలో తెరుచుకుంటే చెయ్యి దురద పెడుతుంది. గడికో అక్షరం మాత్రం క్షమించను.

అసలు పండగ అక్టోబర్, నవంబర్ లో మొదలవుతుంది. నెన్‌మాత్సు చోసెయ్, అంటే సంవత్సరం చివర ఇన్‌కమ్ టాక్స్ సరిచూసి, ఎక్కువ కోసిందేమైనా ఉంటే మామూలుగా డిసెంబర్ జీతంలో తిరిగి వేసే పద్ధతి. మా హెచ్ఆర్ లో పెద్దావిడ ఎక్సెల్ ఫారం మెయిల్ చేస్తారు, నింపి ప్రింట్ ఇమ్మంటారు. అందులో పుట్టిన సంవత్సరం దగ్గర చక్రవర్తుల కాలాలు వరసగా అచ్చు వేసి ఉంటాయి, తైషో, షోవా, హెయ్‌సెయ్, రెయ్‌వా అని, మనది ఏదో దాని చుట్టూ సున్నా చుట్టాలి. పెన్నుతో అయితే అర సెకను పని. ఎక్సెల్ లో ఇన్సర్ట్ కి వెళ్ళి, షేప్స్ లో కోడిగుడ్డు ఆకారం పట్టుకుని, లోపల రంగు తీసేసి, గీత సన్నగా చేసి, ఆ చిన్న అక్షరం మీదకి బాణం కీలతో జరుపుకుంటూ తేవాలి, ప్రింట్ లో చూస్తే అది జరిగి పక్క చక్రవర్తి మీద కూర్చుంటుంది. మా నాన్న 1954 లో పుట్టారు, 1926 షోవా ఒకటో ఏడు కాబట్టి 1954 లోంచి 1925 తీసేస్తే షోవా 29. కాకినాడ దగ్గర పల్లెటూళ్ళో పుట్టిన మనిషికి టోక్యో లో కూర్చుని జపాన్ చక్రవర్తి లెక్కలో వయసు కడుతుంటే భలే తమాషాగా ఉంటుంది.

ప్రభుత్వానికి తెలియదని కాదు. పరిశోధన గ్రాంట్ల దరఖాస్తుల్లో ఈ గళ్ళ ఎక్సెల్ గోల గురించి 2016 లోనే కోనో తారో అనే నాయకుడు గట్టిగా అడిగాడు, ఆయనే 2020 లో మంత్రిగా, సంతకం బదులు కాగితాల మీద వేసే హాంకో ముద్రలు తీసేయమని అన్ని శాఖల వెంటా పడ్డాడు. 2021 నుంచి ఈ టాక్స్ కాగితాల మీద ముద్ర అక్కర్లేదు కూడా. టాక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు 2020 లో దీనికోసమే ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇచ్చారు, డేటా ఫైల్ గా పంపుకోవచ్చు, అదే సాఫ్ట్‌వేర్ లో ప్రింట్ తీసుకునే సదుపాయం కూడా పెట్టారు! మా ఆఫీసు ఏది ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదనుకుంటా. ముద్ర పోయింది, గడి మాత్రం కదల్లేదు.

ఇంతకీ టాక్స్ తగ్గడానికి ఇండియాలో ఉన్న అమ్మానాన్నల్ని ఈ ఫారం లో డిపెండెంట్స్ గా చూపించాలంటే వాళ్ళు మనవాళ్ళే అని రుజువు కావాలి, దానికి జపనీస్ అనువాదం జత చేయాలి, డబ్బు పంపిన రసీదులు పెట్టాలి. 2023 నుంచి ఇంకో మెలిక వచ్చింది. విదేశంలో ఉన్న మనిషి వయసు 30 నుంచి 69 మధ్య ఉంటే, చదువుకునేవాళ్ళు, వికలాంగులు లాంటి మినహాయింపులు తప్ప, ఆ మనిషికి ఏడాదికి కనీసం 3,80,000 యెన్‌లు పంపి ఉండాలి. పైగా ఎవరి పేరు మీద రసీదు వాళ్ళకే, నాన్న అకౌంట్ కి ఇద్దరిదీ కలిపి వేస్తే అది నాన్న ఒక్కడి ఖాతాలోకే. ఫారం లో ఒక్కొక్కరికి ఒక్కో వరస, ఒక్కో వరసలో పంపిన మొత్తం రాయడానికి ఒక గడి, మరి అమ్మ గడిలో ఏం రాయను? అందుకని అమ్మకి వేరే అకౌంట్ తెరిపించాల్సి వచ్చింది.

"మీ నాన్నకి వేస్తే చాలదేంట్రా, ఉండేది ఒక్క ఇంట్లోనేగా" అంది అమ్మ. చాలదమ్మా, ఇక్కడ రూలు అంతే అన్నాను. "ఓర్నాయనో, ఆళ్ళ గవర్నమెంటుకి మొగుడి డబ్బు వేరు, పెళ్ళాం డబ్బు వేరూనా" అని నవ్వి, మర్నాడే ఆధార్ కార్డు పట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది. అరవై నాలుగేళ్ళకి మొదటి సొంత అకౌంట్.

ఇప్పుడు డబ్బు పడగానే మెసేజ్ చూసుకుని ఫోన్ చేస్తుంది, "పడ్డాయిరా, మీ నాన్నకి ఎంతని చెప్పకు" అని. ఆయనకి డెబ్భై దాటాయి కాబట్టి 3,80,000 లెక్క వర్తించదు, ఎంతో కొంత పంపిన రసీదు ఉంటే చాలు, అందుకని ఆయనకి తక్కువ, అమ్మకి ఎక్కువ వెళ్తోంది. మొన్న అమ్మ గుడికి వెళ్ళినప్పుడు చూసి ఫోన్ చేసి, "మీ అమ్మకి ఎంత వేస్తున్నావురా" అని మెల్లగా అడిగారు. సిగ్నల్ సరిగ్గా లేదు నాన్నా అని పెట్టేశాను.