పాత డీజిల్ కారుకి ఇంజిన్ హీటర్ బిగించాను

నాది పాత డీజిల్ కారు. చలి మైనస్ 15 డిగ్రీలకి దిగిందంటే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా మూలుగుతుందే తప్ప స్టార్ట్ అవదు. బ్యాటరీ కొత్తదే, స్టార్ట్ చేసే ముందు సిలిండర్‌ని వేడి చేసే గ్లో ప్లగ్‌లూ పనిచేస్తున్నాయి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు కదా, సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం మండాలి. చల్లటి ఇనుప బ్లాక్ ఆ వేడినంతా లాగేస్తుంది. ఆయిల్ చిక్కబడి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది. అరిగిన ఇంజిన్ కాబట్టి కంప్రెషన్ కూడా అంతంత మాత్రమే.

రేడియేటర్ గొట్టంలో అమర్చే హీటర్ బిగించడం తేలికే. అయినా నేను ఫ్రాస్ట్ ప్లగ్ (బ్లాక్ గోడలోని రంధ్రాన్ని మూసే లోహపు బిళ్ల) స్థానంలో కూర్చునే రకమే తెప్పించాను. సిలిండర్ల చుట్టూ ఉన్న కూలెంట్‌ని అది నేరుగా వేడి చేస్తుంది. కొనేటప్పుడు ఇంజిన్ కోడ్ (ఏ రకం ఇంజినో చెప్పే గుర్తు) సరిచూసుకోవాలి. రంధ్రం సైజు కుదిరినా, ఎలిమెంట్ (హీటర్‌లో వేడెక్కే కడ్డీ) లోపలి గోడకి తగిలితే పనికిరాదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ దించాను. రేడియేటర్ ఖాళీ అయినా బ్లాక్‌లో ఇంకా మిగిలే ఉంటుంది, ప్లగ్ కదలగానే మోచేతి దాకా తడిపేసింది. పట్టిన కూలెంట్‌ని వెంటనే మూత ఉన్న డబ్బాలో పోయండి. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, వాటికది విషం.

అసలు పని పాత ప్లగ్‌తోనే. మొద్దు ఉలి పెట్టి ఒక అంచు మీద కొడితే రెండో అంచు బయటికి తిరుగుతుంది, అప్పుడు పట్టుకారుతో లాగేయాలి. వెనకాల అంతా ఎర్రటి తుప్పు బురద. రంధ్రం అంచుని ఎమరీ పేపర్‌తో రుద్ది, వేలితో తడిమి చూశాను. కాస్త గరుకు తగిలినా మళ్లీ రుద్దాను. హీటర్‌కి ఉండే ఓ-రింగ్ (కూలెంట్ కారకుండా ఆపే రబ్బరు రింగు) దగ్గర లీకైతే చేసిందంతా మళ్లీ మొదటికే. ఆ రింగుకి కూలెంట్ రాసి, ఎలిమెంట్ ఎక్కడా తగలడం లేదని తిప్పి చూసుకుని స్క్రూ బిగించాను.

మీటర్ పెట్టి చూస్తే ధైర్యంగా ఉంటుంది. 500 వాట్ల హీటర్‌కి 230 వోల్టుల దగ్గర సుమారు 106 ఓమ్‌లు రావాలి, దాదాపు అంతే వచ్చింది. కరెంటు వెళ్లే రెండు పిన్నులకీ హీటర్ బాడీకీ మధ్య కనెక్షన్ ఉండకూడదు, లేదు.

కూలెంట్ నింపి, ఇంజిన్ నడిపి, గాలి మొత్తం పోయేదాకా హీటర్‌ని కరెంటుకి కలపలేదు. కూలెంట్ లేకుండా వేడెక్కితే ఎలిమెంట్ చూస్తుండగానే మాడిపోతుంది. వైరుని ఎగ్జాస్ట్‌కీ బెల్టులకీ దూరంగా తెచ్చి ముందు గ్రిల్ దగ్గర కట్టాను. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ తప్పనిసరి.

రాత్రంతా ఆన్‌లో ఉంచితే కరెంటు దండగ. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు వెలిగేలా టైమర్ పెట్టాను. ఇప్పుడు తెల్ల పొగ తగ్గింది, లోపల వెచ్చదనం కూడా త్వరగా వస్తోంది. డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతే మాత్రం ఈ హీటర్ ఏమీ చేయలేదు. దానికి చలికాలపు డీజిల్ పోయించుకోవాల్సిందే.