కొండపల్లి బొమ్మ, తాటాకు విసనకర్ర

ఫొటోగ్రఫీ పోటీకి ఈసారి ఇచ్చిన అంశం ‘సూక్ష్మరూపం’. సెలవు దినం కావడంతో ఉదయమంతా దాని గురించే ఆలోచించాను. చీమ కన్ను, గడ్డిపోచ మీది మంచుబిందువు, పూలలోని పుప్పొడి మొదట తోచడం సహజమే. కాని మాక్రో లెన్సుతో తీసినప్పుడు చిన్న వస్తువు ఫ్రేము నిండా పరుచుకుంటుంది. 1:1 నిష్పత్తిలో, అంటే వస్తువు సెన్సారు మీద తన అసలు పరిమాణంలోనే పడేలా తీస్తే, 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సారున్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అంతే వెడల్పున్న వస్తువే చిత్రమంతా ఆక్రమిస్తుంది, అది ఎంత చిన్నదో చూసేవారికి తెలియదు. నాకు కావలసింది పెద్దదాన్ని చిన్నగా మలిచిన రూపం.

అమరావతి ఫలకాలు గుర్తుకు వచ్చాయి. అక్కడి బౌద్ధ స్తూపం, మహాచైత్యం, ఏనాడో శిథిలమైపోయింది. అయినా దాని వేదిక చుట్టూ అమర్చిన రాతిపలకల మీద శిల్పులు స్తూపాన్నే, అండం అనే గుమ్మటంతో, ప్రాకారంతో, నాలుగు దిక్కులా నిలిపిన ఆయక స్తంభాలతో, ద్వారం దగ్గరి సింహాలతో సహా చిన్నగా చెక్కి ఉంచడం వల్ల, ఆ కట్టడం ఒకప్పుడు ఎలా ఉండేదో ఈనాడు మనం ఊహించగలుగుతున్నాం. చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉన్న ఆ పలకల కంటే ఈ అంశానికి గొప్ప ఉదాహరణ నాకు తెలియదు.

ఇంట్లో ఉన్నవాటిలో కొండపల్లి గీతకార్మికుడి బొమ్మను ఎంచుకున్నాను. తేలికైన తెల్లపొణికి కర్రతో భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి రంగులు వేస్తారు. ఈ బొమ్మలో చెట్టుకు గరుకు బెరడు లేదు, మనిషి ముఖంలో ముడతలు లేవు. కాని పైకి చూస్తున్న తల, చెట్టును పట్టుకున్న చేతులు, నడుము దగ్గరి కుండ తప్పకుండా ఉన్నాయి. ఏది వదలాలో, ఏది వదలకూడదో తెలిసినవాడి పని అది.

కిటికీ వెలుతురులో లెన్సు రంధ్రాన్ని బాగా తెరిచి, ఎఫ్/2.8 దగ్గర తీసినప్పుడు ముఖం మాత్రమే స్పష్టంగా వచ్చి, మిగిలినదంతా మసకబారింది. మేడ మీద నుంచి తీసిన ఊరి ఫొటోకు పైనా కిందా మసక పెడితే ఊరంతా బొమ్మలకొలువులా అనిపించడానికి కారణం ఇదే: దగ్గరి వస్తువులకే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే స్పష్టంగా కనిపించే లోతు, అంత తక్కువగా ఉంటుందని మన కంటికి అలవాటు. ట్రైపాడ్ పెట్టి, రంధ్రాన్ని ఎఫ్/16కు చిన్నది చేసి, కెమెరాను నేలకు దగ్గరగా దించి తీస్తే బొమ్మచెట్టు నిజమైన తాటిచెట్టంత ఎత్తుగా నిలిచింది. అది అందంగానే ఉంది, కాని అందులో బొమ్మతనం పోయింది.

చివరకు బొమ్మ వెనుక తాటాకు విసనకర్రను నిలబెట్టి, ఎఫ్/8 దగ్గర తీశాను. అసలు తాటిచెట్టు నుంచి వచ్చిన ఒక్క ఆకుముక్క, చెక్కిన తాటిచెట్టు కంటే ఎత్తుగా ఉంది. దాని ముందు ఆ మనిషి ఇంకా పైకి ఎక్కుతూనే ఉన్నాడు. అంచులు కత్తిరించకుండా, ఆకు మడతలన్నీ కనిపించేలా ఉంచి, రాత్రి ఆ చిత్రాన్నే పోటీకి పంపించాను.