డ్రైయర్ తిరుగుతోంది, బట్టలు ఆరట్లేదు

ఆఫీసులో నా పని ప్రొడక్షన్ సపోర్ట్. రాత్రిపూట కంప్యూటర్లలో వాటంతటవే నడిచే ప్రోగ్రాముల్లో (వాటినే జాబ్‌లంటాం) ఏదైనా ఫెయిలైతే, ఎందుకైందో పట్టుకోవాలి. హైదరాబాద్ టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు రోజూ చెప్పే మాట ఒకటే: "లాగ్ చూడకుండా రీస్టార్ట్ కొట్టకండి నాయనా." లాగ్ అంటే ఎప్పుడేం జరిగిందో ప్రోగ్రాము రాసిపెట్టుకునే చిట్టా. అలాంటివాణ్ని, ఇంట్లో డ్రైయర్ మొరాయిస్తే మూడు వారాల పాటు చేసింది అదే. గంట తిరిగాక తలుపు తీయడం, జీన్స్ ప్యాంటు నడుము దగ్గర నొక్కి చూడడం, తడి తగిలితే మళ్లీ స్టార్ట్ నొక్కడం. ఒక్క వాయి ఆరడానికి రెండున్నర గంటలు పట్టేది.

మేముండేది అమెరికాలో, మినియాపొలిస్ శివార్లలో, అద్దె టౌన్‌హౌస్‌లో. జనవరిలో బయట మైనస్ ఇరవై. దండెం మాటే లేదు. మా ఆవిడ దుప్పట్లు మెట్ల రెయిలింగ్ మీద, పిల్లల స్వెట్టర్లు డైనింగ్ కుర్చీల మీద ఆరేసేది. హీటర్ గాలికి ఇల్లంతా పొడిబారి ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి ఆరిపోయేవి కూడా. వీడియో కాల్‌లో అది చూసి అమ్మ, "ఏరా, అక్కడా ముసురు పట్టిందా?" అంది.

రిపేరుకి ఫోన్ చేస్తే, వచ్చి చూసినందుకే 110 డాలర్లన్నారు, పార్టులు వేరు. ఇంటి ఓనర్‌కి మెసేజ్ పెడితే "లింట్ ఫిల్టర్ క్లీన్ చేస్తున్నారా?" అని, అదే, బట్టల నూగు పట్టే జాలీ గురించి, ఎదురు ప్రశ్న వచ్చింది. ప్రతి వాయికీ చేస్తున్నాం మహానుభావా!

ఆ ఉక్రోషంతోనే ఒక శనివారం పని పట్టాను. మొదట, వేడి వస్తోందా లేదా? ఇక్కడి ఎలక్ట్రిక్ డ్రైయర్‌కి 240 వోల్టులు కావాలి. బ్రేకర్‌లో ఒక వైపు పోయినా డ్రమ్ము మామూలుగానే తిరగొచ్చు, హీటరు మాత్రం వెలగదు. తిరుగుతోంది కదా, కరెంటు బాగానే ఉందని మోసపోతాం. మాది ఆ కేసు కాదు. మెషీన్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడి. మెషీన్ ఉన్న చిన్న గది కిటికీ అద్దం నిండా ఆవిరి పట్టి, నీళ్లు కారుతున్నాయి. నేను అడిగే లాగ్ అదే, కళ్ల ముందే ఉంది. మూడు వారాలుగా ఆ అద్దాన్ని తుడిచి వెళ్లిపోతున్నాను.

ఫిల్టర్‌ని కుళాయి కింద పెట్టాను. నీళ్లు జాలీలోంచి కారిపోవాలి కదా, పళ్లెంలో లాగా నిలబడ్డాయి. సువాసన కోసం వేసే డ్రైయర్ షీట్ల మైనం జాలీకి పొరలా పట్టేసింది. పైన నూగు తీసేస్తే చాలనుకున్నాం ఇన్నాళ్లూ. పాత టూత్‌బ్రష్, గిన్నెల సబ్బు పెట్టి రుద్దాను. డ్రమ్ము లోపల రెండు సన్నటి లోహపు పట్టీలుంటాయి, తడి బట్ట రెండింటికీ తగిలితే ఇంకా ఆరలేదని మెషీన్‌కి తెలుస్తుంది. వాటికీ అదే జిడ్డు. ఆటో మోడ్‌లో పదిహేను నిమిషాలకే ఎందుకు ఆగిపోతోందో అప్పుడర్థమైంది. స్పిరిట్‌తో తుడిచాను. కొంచెం నయమైంది, అంతే.

అసలు కథ వెనకాల ఉంది. ప్లగ్ పీకి, నేనూ మా ఆవిడా మెషీన్‌ని ముందుకి లాగాం. తడి గాలిని బయటికి పంపే వెండి రంగు రేకు గొట్టం, నాలుగంగుళాలది, గోడకీ మెషీన్‌కీ మధ్య నలిగి చపాతీలా అయిపోయి ఉంది. విప్పి దులిపితే బూడిదరంగు నూగు ఒక చిన్న దిండుకి సరిపోయేంత వచ్చింది. అందులో ఒక బేబీ సాక్సు! మా చిన్నాడికి ఇప్పుడు ఆరేళ్లు, మేమీ ఇంట్లోకి వచ్చి రెండేళ్లు. అంటే ఆ సాక్సు మాది కాదు.

డ్రైయర్‌లో బట్టని ఆరబెట్టేది ఒట్టి వేడి కాదు, తడిని మోసుకుని బయటికి పోయే గాలి. గాలికి దారి మూసుకుపోతే లోపల వేడి హద్దు దాటుతుంది, అప్పుడు థర్మోస్టాట్ హీటర్‌ని ఆపేస్తుంది. చల్లబడ్డాక మళ్లీ వెలిగిస్తుంది. మేము తిప్పిన రెండున్నర గంటల్లో హీటరు వెలిగింది ఎంతసేపో దేవుడికెరుక. పైగా ఆ నూగు అంటుకుంటే కొంపలు కాలిపోతాయి. ఇక్కడ డ్రైయర్ల వల్ల జరిగే అగ్నిప్రమాదాలకు శుభ్రం చేయకపోవడమే మొదటి కారణమని ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చెబుతూనే ఉంటారు.

బూట్లేసుకుని ఇంటి వెనక్కి వెళ్లి చూస్తే, గోడకున్న గొట్టం మూత రెక్క సగంలో బిగుసుకుపోయి ఉంది. తడి గాలి, నూగు కలిసి గడ్డకట్టాయి. వేడినీళ్ల గుడ్డతో కరిగించాల్సి వచ్చింది, వేళ్లు మొద్దుబారిపోయాయి. రేకు గొట్టం పారేసి, కాస్త గట్టి అల్యూమినియం గొట్టం కొన్నాను. దానికి స్క్రూలు వద్దు, మొనలు లోపలికి పొడుచుకొస్తే నూగు వాటికే పట్టుకుంటుంది. అల్యూమినియం టేపు చుట్టాను. మెషీన్‌ని ఈసారి గోడకి జానెడు దూరంలో నిలబెట్టాం. గ్యాస్ డ్రైయర్ ఉన్నవాళ్లు మాత్రం ఆ గొట్టం జోలికి వెళ్లకుండా మనిషిని పిలిపించుకోవడం మంచిది, అందులోంచి పొగ కూడా పోతుంది.

అదే వాయి, అవే జీన్స్. నలభై ఐదు నిమిషాల్లో ఆరిపోయాయి. డ్రైయర్ షీట్ల డబ్బాని మా ఆవిడ చెత్తలో పడేసింది. మంచు పడ్డ రోజు ముందు మెట్లు శుభ్రం చేశాక, చేతిలో పారతోనే వెనక్కి వెళ్లి, ఆ రెక్కని వేలితో ఒకసారి ఎత్తి చూసి వస్తున్నాను.