టూ గుడ్ అంటే మెచ్చుకోలు కాదు

హైదరాబాద్‌లో బిర్యానీ టూ గుడ్, ట్రాఫిక్ టూ బ్యాడ్, సినిమా అయితే టూ టూ గుడ్. మనలో మనం అనుకున్నంతసేపూ ఎవరికీ నష్టం లేదు, అందరికీ అర్థమవుతుంది. తంటా అంతా సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్ మొదలయ్యాకే.

మా టీమ్‌లో ఒకబ్బాయి, పనిలో గట్టివాడే, కొత్త స్క్రీన్ చూసి ముచ్చటపడి 'ది న్యూ స్క్రీన్ ఈజ్ టూ సింపుల్' అని క్లయింటుకి మెయిల్ పెట్టాడు. అవతలావిడ అయితే ఇంకా ఏమేం కలపాలో చెప్పండంటూ తిరుగు మెయిల్ పెట్టి, పైగా ఒక మీటింగ్ కూడా వేసింది, పాపం వీడికి ఎక్కడ దెబ్బకొట్టిందో మీటింగ్ సగమయ్యేదాకా అర్థం కాలేదు. వాళ్లకి 'టూ' అంటే మోతాదు మించిందని. 'ది టీ ఈజ్ టూ హాట్' అంటే ఇరానీ చాయ్ పొగలు కక్కుతూ భలే ఉందని కాదు, నోట్లో పెట్టుకోలేకపోతున్నానని. మెచ్చుకోవాలంటే వెరీ ఉంది, రియల్లీ ఉంది, సో ఉంది. ('యూ ఆర్ టూ కైండ్' అని వాళ్లూ అంటారు, అది మర్యాదకి అనే మాట, దాన్ని పట్టుకుని వాదనకి రాకండి.)

నేను అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకున్న చోట టెన్సులు తెగ నూరిపోశారు గానీ వీటి జోలికి పోలేదు. మన 'చాలా' ఎక్కడ పెట్టినా సర్దుకుపోతుంది: చాలా బాగుంది, చాలా నచ్చింది, చాలా నయం. 'వెరీ' అంత కలుపుగోలుది కాదు. 'ఐ వెరీ లైక్ ఇట్' అనకూడదు, 'ఐ రియల్లీ లైక్ ఇట్' అనాలి. జ్వరం తగ్గి ఆఫీసుకొచ్చినవాళ్లు 'వెరీ బెటర్' అంటుంటారు, అక్కడ కావలసింది 'మచ్ బెటర్'. 'వెరీ మచ్ టైర్డ్'లో మచ్ దండగ.

ఇక 'వెరీ ఎక్సలెంట్'. ఎక్సలెంట్ అన్నాక పైన ఇంకేముంది? అలా అప్పటికే చివరిదాకా వెళ్లిపోయిన మాటలకి 'అబ్సల్యూట్లీ' నప్పుతుంది: వెరీ టైర్డ్, కానీ అబ్సల్యూట్లీ ఎగ్జాస్టెడ్. కొన్ని జంటలకి లెక్కాపత్రం ఉండదు, విని పట్టుకోవాల్సిందే. రికమెండ్‌కి హైలీ, నీడ్‌కి బ్యాడ్లీ. 'ఐ బ్యాడ్లీ నీడ్ ఎ హాలిడే' అంటే సెలవు కావాలని ప్రాణం కొట్టుకుంటోందని, అందులో చెడ్డ ఏమీ లేదు.

'లిటరల్లీ' అంటే 'అక్షరాలా' అని, నిజంగా జరగనిదానికి వాడకూడదని గొడవపడేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీ దాకా రద్దీలో నిలబడి వచ్చి 'ఐ లిటరల్లీ డైడ్' అంటే ఎవరైనా అంబులెన్స్ పిలుస్తారా? నొక్కి చెప్పడానికి వాడే ఆ అర్థాన్ని మెరియం-వెబ్‌స్టర్ 1909లోనే నిఘంటువుకెక్కించింది. అయినా ఆఫీసు మెయిల్‌లో మాత్రం నేను రాయను.

అసలు భయపడాల్సింది 'క్వైట్'కి. 'క్వైట్ ఇంపాజిబుల్' అంటే బొత్తిగా కుదరదని. 'క్వైట్ గుడ్' అని అమెరికా వాళ్లంటే బాగా నచ్చినట్టే, లండన్ వాళ్లంటే మాత్రం చాలాసార్లు 'పర్లేదు' అన్నట్టు. కాబట్టి లండన్ నుంచి 'క్వైట్ గుడ్' అని మెయిల్ వస్తే పార్టీ సంగతి తర్వాత, ముందు ఏం మార్చాలో అడిగేయండి.