బిహ్జాద్ బొమ్మలో ఇటుక అందించేవాడు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మన డ్రాయింగు మాస్టారి చెక్కబీరువా. తొమ్మిదో తరగతిలో ఓ మధ్యాహ్నం అందులోంచి రంగుల అచ్చుబొమ్మ తీసి బల్ల మీద పరిచారు. కోట కడుతున్నారు. నిచ్చెన మీద ఒకడు, పరంజా మీద కొందరు, కింద మాలు కలిపేవాళ్లు, ఇటుకలు అందించేవాళ్లు. ఎంత వెతికినా రాజు లేడు. మా నాన్న తాపీమేస్త్రి. ఆ మాట క్లాసులో పైకి చెప్పలేకపోయేవాణ్ణి. ఆ బొమ్మ ముందు నుంచి మాత్రం కదల్లేకపోయాను.

అది కమాలుద్దీన్ బిహ్జాద్ వేసిన బొమ్మ అంటారని మాస్టారు చెప్పారు. ఊరు హెరాత్, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లో ఉంది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే మీరక్ అనే చిత్రకారుడు పెంచి పని నేర్పాడట. హెరాత్ ఏలిన సుల్తాన్ హుసేన్ బైఖరా కొలువులో పేరొచ్చింది. పారశీక కవి సాదీ రాసిన 'బోస్తాన్' కావ్యం 1488 నాటి ప్రతికి వేసిన బొమ్మలు కైరోలో ఉన్నాయి; ఒకదాంట్లో తన పేరును విలుకాడి అమ్ములపొది మీద దాచుకున్నాడు. చివరికి ఇరాన్‌లోని తబ్రీజ్‌లో, 1522లో, అక్కడి సఫవీ వంశపు రాజు షా గ్రంథాలయానికి పెద్ద అయ్యాడు. గడ్డాలు లేని ముఖాలు బిహ్జాద్‌కు బాగా రావని, దవడ కింద కండ మరీ సాగదీస్తాడని బాబరు తన ఆత్మకథలో రాశాడు. అంత దగ్గరగా చూసేవాళ్లు అప్పట్లో ఆ బొమ్మల్ని.

మేం చూసింది పారశీక కవి నిజామీ రాసిన అయిదు కావ్యాల సంపుటి 'ఖమ్సా'లోని ఖవర్నక్ కోట. 1494 ప్రాంతంలో వేసింది, అసలు ప్రతి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. సుల్తాను కొలువులోని ఓ పెద్ద ప్రభువు కోసం రాయించిన పుస్తకంలో ఒక పేజీ నిండా కూలివాళ్లే. ఒకడి నడుము వంగిన తీరు ఇంకొకడికి లేదు. బిహ్జాద్ గొప్పతనం నాకు బంగారు పూతలో కన్నా ఇక్కడే కనిపిస్తుంది. ఆ కోట కట్టిన మేస్త్రి సిమ్నార్. ఇంతకన్నా మంచిది ఇంకెవరికైనా కట్టిపెడతాడేమోనని రాజు అతణ్ణి కోట మీంచే తోయించాడని కథ. మాస్టారు చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది.

బొమ్మ ఇంటికి తీసుకెళ్లి చూసి వేసుకు రమ్మన్నారు. రెండు రాత్రులు కూర్చున్నా ఇటుక అందించేవాడు కుదర్లేదు. నాన్న చేతులు కడుక్కుని వచ్చి, నా కాగితం కాసేపు చూసి అన్నాడు: "ఇటుక అందించేవాడు ఇటుకను చూడడ్రా. పైవాడి చెయ్యి చూస్తాడు."

కళ్లు చెరిపేసి మళ్లీ వేశాను. మర్నాడు మాస్టారు ఆ మనిషి దగ్గరే ఆగి, ఇది ఎవరు చెప్పారని అడిగారు. మా నాన్న మేస్త్రండీ అన్నాను, క్లాసంతా వినేలా.