వెనక్కి తిప్పు

మన డిగ్రీ బ్యాచ్ మళ్ళీ కలుస్తున్న సందర్భంగా వేస్తున్న సంచిక కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి చేసింది మన క్లాసు లీడరు సి.ఆర్. కాబట్టి తప్పించుకోలేకపోయాను. "ఏది గుర్తొస్తే అది రాయి తల్లీ, కుర్చీ సంగతి మాత్రం వద్దు" అన్నాడు. కుర్చీ సంగతి రాయను. విహారయాత్ర బస్సులో జరిగిందీ రాయను. మూడో బెంచీ వాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు.

నిజానికి 1992 నుంచి 95 దాకా ఆ మూడేళ్ళలో నాకు బాగా గుర్తున్నది ఒక్క మధ్యాహ్నమే. చదివిన ఎకనామిక్స్ ఏమైపోయిందో తెలియదు. ఆఖరి సంవత్సరం అసలు జరిగిందా అని అనుమానం. రెండో ఏడాది మార్చి 8, మహిళా దినోత్సవం మాత్రం, ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా చెప్పగలను.

మన తెలుగు మేడం, అదే పొల్లు మేడం, 'నీలిమేఘాలు' పట్టుకొచ్చింది ఆ వారంలోనే. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనం. ఉన్నది ఒక్క కాపీ, అదీ ఎరువు తెచ్చింది. జిరాక్సుకి డబ్బులెవరిస్తారు? భోజనాల గంటలో నలుగురం కూర్చుని తలా ఒక కవిత చేత్తో ఎత్తి రాసుకున్నాం. సావిత్రి 'బందిపోట్లు' పొడుగుజడకి, కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' మన భావి డాక్టరమ్మకి (ఆవిడ చివరికి బ్యాంకులో తేలింది), జయప్రభ 'పైటను తగలెయ్యాలి' హాస్టల్ లీడర్‌కి. నా గొంతు వరండా చివరిదాకా వినిపిస్తుందని నాకు విమల 'వంటిల్లు' ఇచ్చారు. గొంతు చూసి ఇచ్చారు గానీ చదవడం వచ్చని కాదు.

బోర్డు మీద నాలుగు కవితల పేర్లూ రాశాం. గంట తిరిగేసరికి మూడే ఉన్నాయి. నాలుగోది ఎవరు చెరిపించారో మీకందరికీ తెలుసు, ఇన్నేళ్ళకి సంచికలో పేరెందుకు? మేడం ఏమీ అనలేదు. సుద్దముక్క తీసుకుని చెరిపేసిన చోటే ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాసి, ఎప్పటిలాగే "పొల్లు సరిగా పడిందా?" అని మమ్మల్నే అడిగింది. ఆ పేరులో పొల్లు లేనే లేదు.

నా వంతు వచ్చింది. వణుకుతూనే మొదలుపెట్టాను. వంటింటి వాసనలు, పోపు డబ్బాలు, తరతరాల మసి. చదువుతుంటే గొంతు కుదురుకుంది. కాగితం చివరిదాకా చదివి, నమస్కారం పెట్టి కూర్చోబోయాను. చప్పట్లు కూడా కొట్టారు మీరు. అప్పుడు వెనక నుంచి మేడం: "వెనక్కి తిప్పు."

నేను వెనక్కి తిరిగాను.

"నువ్వు కాదే, కాగితం!"

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో చెప్పక్కర్లేదు, మొన్న వాట్సాప్ గ్రూపులో కూడా నన్ను చేర్చుకున్నది 'వెనక్కితిప్పు' అన్న పేరుతోనే. కానీ ఆ నవ్వుల్లో మీలో సగంమంది వినలేదనుకుంటా ఆ వెనక వైపు ఏముందో. వంటింటికి మహారాణి లాంటి అమ్మ, తీరా చూస్తే గిన్నెలన్నింటి మీదా నాన్న పేరే. నాకైతే కవిత అంతా ఆ ఒక్క మాట కోసమే నడిచినట్టుంటుంది. నేను సరిగ్గా దాన్నే వదిలేసి నమస్కారం పెట్టాను.

కాలేజీలో గంట కొట్టే తాత భార్య గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి వింటోంది. కార్యక్రమం అయ్యాక కుర్చీలు సర్దుతూ నాతో అంది: "మా ఇంటో గిన్నెలన్నీ సారా కొట్టుకే పోయాయమ్మాయ్. పేరు కొట్టించుకోడానికి గిన్నంటూ ఉండాలిగా." 92లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటానికి 93 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చి అప్పటికి అయిదు నెలలు దాటింది. "ఇప్పుడిప్పుడే రెండు కొనుక్కున్నా" అంది. వాటి మీద ఎవరి పేరుందని అడగాలని నాకు తోచలేదు. ఇప్పటికీ అదొక వెలితి.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలన్నీ బోర్లించి చూశాను. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు, గీసి గీసి తోమడంతో సగం అరిగిపోయినవి. అన్నింటి మీదా నాన్న పేరు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు మీద తాతయ్య పేరు. "ఏం వెతుకుతున్నావే?" అంది అమ్మ. "నిన్నే" అన్నాను. అర్థం కాక, చెంబు లాక్కుని నీళ్ళు పట్టుకుపోయింది.

తర్వాత సంగతి కొద్దిగా. గ్రూప్స్ రాసి, రెండుసార్లు తప్పి, మూడోసారికి సబ్ రిజిస్ట్రార్నయ్యాను. ఎకనామిక్స్ మాస్టారు వింటే నమ్మరు. మన రాష్ట్రంలో హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు వాటా 1985 నుంచే వచ్చింది, ఆ సెప్టెంబరు 5కి ముందు పెళ్ళయినవాళ్ళకి తప్ప. 2005లో దేశమంతటికీ వచ్చింది. వచ్చిన వాటాని అన్నదమ్ములకి రాసిచ్చేయడానికి కూతుళ్ళు నా బల్ల ముందుకే వస్తారు. హక్కు విడుదల దస్తావేజు. పుట్టింటి రాకపోకలు పోతాయేమోనన్న భయం ముఖంలో కనిపిస్తుంటుంది. ఇష్టంతో ఇచ్చేవాళ్ళూ ఉంటారు, కాదనను. ఇవ్వొద్దని చెప్పడం నా పని కాదు. అడగడం నా పని.

ఒకామె వేలిముద్ర వేయబోతుంటే "చదివారా అమ్మా?" అన్నాను. "మా తమ్ముడు చెప్పాడండీ" అంది. "వెనక్కి తిప్పి చదవండి" అన్నాను. నోట్లోంచి ఆ మాటే వచ్చింది, ఒట్టు! ఆమె వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. మొత్తం ఎకరంన్నర అక్కడుంది. సంతకాల కాగితమనే తనతో చెప్పారట. "ఇది నేను రాసివ్వలేదండీ" అంది. రాసివ్వలేదని మనిషే చెబితే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 35 ప్రకారం రిజిస్ట్రేషన్ నిరాకరించాలి. నిరాకరించాను. తమ్ముడు నన్ను తిట్టిన తిట్లు ఈ సంచికలో పట్టవు.

మొదటి జీతంతో ఒక స్టీలు బిందె కొని అమ్మ పేరు కొట్టించాను. కొట్టేవాడు రెండుసార్లు అడిగాడు, "అయ్యగారి పేరు కాదామ్మా?" అని. అమ్మ ఆ బిందెను చాన్నాళ్ళు పేరు గోడవైపుకి తిప్పి పెట్టింది. ఇప్పుడు ఇటువైపే ఉంటోంది.

మేడం వస్తున్నారని సి.ఆర్. చెప్పాడు. ఫోన్ చేస్తే నా మాటల్లో రెండు తప్పులు దిద్దారు, గొంతు ఏమీ మారలేదు. ఒక్క మనవి. ఆ రోజు నా చేతిలోని కాగితం ఎవరో తీసుకున్నారు, మూడో బెంచీ మీదే నా అనుమానం. రూళ్ళ పొడుగు కాగితం, ఆకుపచ్చ సిరా, మడతల దగ్గర చిరిగి ఉంటుంది. దొరికితే పట్టుకురండి. ముందువైపు నిండా రాతే. వెనకవైపే ఆ గిన్నెల మాట ఉంటుంది.